పిల్లల కీళ్లవాతం: పనులు చేసుకోగలుగుతున్నారా అన్నదీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

పదహారేళ్లలోపు పిల్లలకు కీలు వాచి ఆరు వారాలైనా తగ్గకుండా, వేరే కారణమేదీ తేలకపోతే దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. రక్తపరీక్షలో వాపు తీవ్రతను చెప్పే ఈఎస్‌ఆర్ ఎంత, సీఆర్‌పీ ఎంత అని ఫైలు నిండా ఉంటుంది. పాప గుండీలు తనే పెట్టుకుంటోందా అన్నది మాత్రం చాలా ఫైళ్లలో కనిపించదు. మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికి 1997లో నిపుణులు ఖరారు చేసిన ఆరు అంశాల్లో ఈ పని సామర్థ్యం కూడా ఒకటి.

దీనికి యంత్రమేమీ అక్కర్లేదు. తల్లో తండ్రో నింపే సీహెచ్‌ఏక్యూ అనే ప్రశ్నపత్రం చాలు. బట్టలు వేసుకోవడం, లేవడం, తినడం, నడవడం, శుభ్రత, అందుకోవడం, పట్టు, ఆటపాటలూ ఇంటిపనులూ అని ఎనిమిది విభాగాల్లో 30 ప్రశ్నలుంటాయి. గత వారం రోజుల్లో ఇబ్బంది లేకపోతే 0, కొంచెం ఉంటే 1, బాగా ఉంటే 2, అసలు చేయలేకపోతే 3 వేయాలి.

తప్పు జరిగేది మార్కులు కూడేటప్పుడు. బట్టల విభాగంలో నాలుగు ప్రశ్నలకు 0, 0, 0, 2 వస్తే చాలామంది సగటు తీసి 0.5 అంటారు. అలా కాదు, విభాగంలో అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకే ఆ విభాగం మార్కు. అంటే ఇక్కడ 2. ఎనిమిది విభాగాల మార్కులు కలిపి ఎనిమిదితో భాగిస్తే 0 నుంచి 3 లోపు తుది స్కోరు వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. జబ్బు వల్ల కర్ర వంటి సాధనమో, మనిషి సాయమో కావలసివస్తే ఆ విభాగానికి కనీసం 2 వేయాలి. రోజూ అమ్మే గుండీలు పెట్టేస్తుంటే "ఇబ్బందేం లేదండీ" అన్న జవాబే వస్తుంది మరి! కాబట్టి "ఎవరు పెడుతున్నారు, ఎందుకు?" అని విడిగా అడగాలి. మూడేళ్ల పిల్లాడికి బూటు లేసులు కట్టుకోవడం రాదు, అది వయసు వల్ల. అక్కడ 3 వేయకూడదు, 'వర్తించదు' అని గుర్తు పెట్టాలి. పైగా కీళ్లు బిగుసుకుపోయేది పొద్దున్నే. పదకొండు గంటల ఓపీలో చకచకా నడిచే పాపను చూసి మార్కులు వేస్తే తక్కువే పడతాయి.

మూల పత్రంలో మాంసం కోసుకోవడం, టబ్బులోకి దిగడం వంటి ప్రశ్నలున్నాయి. మన ఇళ్లలో వాటికన్నా నేల మరుగుదొడ్డి మీద గొంతుక్కూర్చుని లేవడం, చెంబుతో నీళ్లు పోసుకోవడం, అన్నం కలుపుకుని తినడం ముఖ్యం. అలాగని ప్రశ్నలు ఎవరికి తోచినట్లు వారు మార్చేస్తే స్కోర్లు పోల్చడానికి పనికిరావు. మన పిల్లల మీద సరిచూసిన తెలుగు పత్రం ఉంటే అదే వాడుతూ, ఈ పనుల్ని అడుగున వేరుగా, మార్కుల్లో కలపకుండా రాసుకోవడం మేలు.

స్కోరు 0 వచ్చినంత మాత్రాన జబ్బు తగ్గినట్లు కాదు. ఒక్క మోకాలే వాచిన పిల్లలకు ఈ పత్రంలో సున్నా రావచ్చు. అందుకే వాచిన కీళ్లు లెక్కపెట్టడం, కదలిక ఎంతవరకు ఉందో చూడడం ఆపకూడదు. ఒక విభాగంలో ఒక్క అంకె మారినా తుది స్కోరు 0.125 మారుతుంది. కాబట్టి మొత్తంతో పాటు ఏ విభాగం మారిందో కూడా రాయాలి.

ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పత్రాన్ని ఓపీ చీటీతో పాటే ఇచ్చి, వరుసలో కూర్చున్నప్పుడే ప్రతిసారీ ఒకే మనిషి చేత, తల్లయితే తల్లి చేతనే, నింపించి, స్కోరును బరువు పక్కన రాయించాలని కోరుతున్నాం.

- పిల్లల కీళ్ల చికిత్సలో పనిచేసే ఫిజియోథెరపిస్టులు, వరంగల్