అక్క ఆకలి సంగతి

పొదిలి,
ఆదివారం తెల్లవారుజాము

ఒరేయ్ సుబ్బా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదు, కోప్పడొద్దురా. కంది కోతలు, వాటి వెనకే నాన్న కంటి ఆపరేషన్. చూపు బాగానే వచ్చింది. చిన్నోడికి దగ్గు తగ్గింది. సరే, ఇవి తర్వాత.

అక్క సంగతి చెప్పాలి. మొన్న పెళ్లిబంతిలో ఒకావిడ "ఇంక చాల్లే అమ్మాయ్" అని గారెల బేసిన్ అక్క విస్తరి దాటించేసింది. అక్క తల ఎత్తలేదు. నాకు గొంతులో ముద్ద దిగలేదురా.

మర్నాడే ఒంగోల్లో ఆయుర్వేదం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లా. ముసలాయన. అక్క కూర్చోగానే "కొవ్వు కరిగించండి" అంది. ఆయన అన్నాడూ, "మేదస్సు, అంటే నువ్వనే ఆ కొవ్వు, చెత్త కాదమ్మా. ఒంటిని నిలబెట్టే ఏడు ధాతువుల్లో నాలుగోది. మాంసం నుంచి పుడుతుంది, ఎముకకి బలమిస్తుంది. ఒంటికి జిడ్డూ గట్టితనమూ దానివల్లే. చెమట అది వదిలే వ్యర్థం." అక్క చీరచెంగుతో మెడ తుడుచుకుంటూ విన్నది.

తర్వాత "ఆకలి ఎక్కువా?" అని అడిగాడు. అక్క మాట్లాడలేదు. ఆయనే చెప్పాడు: మేదస్సు పెరిగి దారులు మూస్తే వాయువు కడుపులోనే తిరుగుతూ జఠరాగ్నిని ఊదుతుందట, కొలిమికి తిత్తిలాగా. తిన్నది ఇట్టే అరుగుతుంది, మళ్లీ ఆకలి. ఆ బలమంతా మేదస్సుకే పోయి మిగతా ధాతువులు ఎండుతాయి, అందుకే నీరసం. చరక సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో, సూత్రస్థానం అనే భాగం 21వ అధ్యాయంలో ఉందట, ఆ నిప్పూ గాలీ కలిసి అడవిని కార్చిచ్చు కాల్చినట్టు మనిషిని కాలుస్తాయని. మరీ లావైన మనిషికి అందులో చెప్పిన ఎనిమిది బాధల్లో అతి ఆకలి, అతి దాహం, చెమట మూడూ ఉన్నాయి.

"అయితే నాది తిండిపోతుతనం కాదా?" అని ఏడ్చేసిందిరా. ఇరవై ఏళ్లుగా దాచుకున్న ఏడుపు. సింగరాయకొండ స్టేషన్లో ఆ నాలుగో ఇడ్లీ ఎందుకు తిన్నదో మనకిప్పుడు తెలిసింది. మనం నవ్వాం కదరా ఆ రోజు...

పస్తులు వద్దన్నాడు. కడుపు నిండాలి, ఒళ్లు పెరక్కూడదు. బార్లీ, కొర్రలు, ఆరికలు, పెసలు, ఉలవలు, మజ్జిగ. కొర్రలూ ఆరికలూ పెసలూ ఉలవలూ మన నాయనమ్మ చేలో పండినవే! థైరాయిడ్ టెస్టు కూడా చేయించమన్నాడు, రేపు వెళ్తున్నాం. రాత్రి అక్క కొర్రన్నం రెండోసారి తనే వడ్డించుకుంది. బావ ఏమీ అనలేదు, ఉలవచారు గిన్నె దగ్గరికి జరిపాడు. అది చూసి నేను పెరట్లోకి వెళ్లి

మామ బయల్దేరాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇవ్వాలి. అక్కకి ఒక ఫోన్ చెయ్యరా, ఇడ్లీ మాట నువ్వే ఎత్తు. ఉంటా.

నీ శీను