ఫారంలో తెలుగు అని రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికాలో ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఎత్తేస్తున్నారంట కదా, మరి మీ పిల్లల చదువులెలా అని ఊళ్లో మా పిన్ని దగ్గర్నుంచి అందరూ ఫోన్ చేసి అడుగుతున్నారు. మేం డాలస్ దగ్గర ఉంటాం, పిల్లలిద్దరూ పబ్లిక్ స్కూలే, అందుకని నాలుగు ముక్కలు రాద్దామనిపించింది.

స్కూళ్లేం మూతపడట్లేదండి. 2025 మార్చిలో ట్రంప్ సంతకం పెట్టింది మూసే పని మొదలుపెట్టమని, అది 1979లో చట్టం చేసి పెట్టిన శాఖ కాబట్టి కాంగ్రెస్ ఒప్పుకోకుండా పూర్తిగా ఎత్తేయడం కుదరదు. అయినా ఇక్కడ స్కూళ్లకొచ్చే డబ్బులో వాషింగ్టన్‌ది, అంటే కేంద్ర ప్రభుత్వానిది, పదో వంతు అటూ ఇటూ, మిగతాదంతా రాష్ట్రం ఇచ్చేది, మేం కట్టే ఇంటి పన్ను. సిలబస్ రాసేదీ టీచర్లని పెట్టుకునేదీ కూడా వాషింగ్టన్ వాళ్లు కాదు.

మరి వాళ్లు చేసేదేంటంటే, డబ్బిచ్చాం కదా పిల్లలకి చదువొచ్చిందా అని లెక్క అడగడం. 1965లో పేద పిల్లల స్కూళ్లకి డబ్బిచ్చే చట్టం తెచ్చింది ప్రెసిడెంట్ జాన్సన్, ఆయన కుర్రతనంలో మా టెక్సస్‌లోనే కొటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ పిల్లలకి పాఠాలు చెప్పిన పంతులే. కానీ గట్టిగా లెక్క అడగడం మొదలైంది 2002లో బుష్ తెచ్చిన చట్టంతో. 3వ తరగతి నుంచి 8 దాకా ప్రతి ఏడూ రీడింగ్, లెక్కల పరీక్ష పెట్టాలి, స్కూలు మొత్తం సగటు చూపించి తప్పించుకోడానికి లేదు, పేద పిల్లలు ఎంతమంది పాసయ్యారు, నల్లవాళ్లెంతమంది, ఇంగ్లీషు రానివాళ్లెంతమంది, ఇలా విడివిడిగా కాలమ్స్ వేసి చూపించాలి. నన్నడిగితే ఆ చట్టంలో బంగారం లాంటి ముక్క అదొక్కటే.

మిగతాది మాత్రం మనకి బాగా తెలిసిన కథే. 2014కల్లా నూటికి నూరు మంది పాసవ్వాలన్నారు, అవ్వకపోతే ఏడాదికో మెట్టు శిక్ష పెంచుకుంటూ పోయారు. పదో తరగతిలో నూరు శాతం రిజల్ట్ కావాలని పైనుంచి ఒత్తిడొస్తే కింద ఏం జరుగుతుందో మన పాఠకులకి నేను చెప్పాలా. కొన్ని రాష్ట్రాలు పరీక్షే తేలిక చేసేశాయి. అట్లాంటాలో అయితే టీచర్లే కూర్చుని పిల్లల తప్పు జవాబులు రబ్బరుతో చెరిపి కరెక్టువి దిద్దారు, 44 స్కూళ్లలో 178 మంది పేర్లు బయటికొచ్చాయి, 2015లో 11 మందికి మాఫియా ముఠాల మీద పెట్టే సెక్షన్ కింద శిక్ష పడింది. ఆ ఏడాది చివర్లో ఒబామా కొత్త చట్టం తెచ్చి నూటికి నూరు గడువు తీసేశాడు, పరీక్షలూ కాలమ్సూ ఉంచాడు, అట్టడుగున ఉన్న 5 శాతం స్కూళ్లని రాష్ట్రాలే గుర్తించి బాగుచేయాలన్నాడు. ఇప్పటికీ నడుస్తున్నది అదే. కాకపోతే అడిగేవాళ్లే తగ్గిపోయారు, 2025 మార్చిలో ఉద్యోగాలు తీసేసినప్పుడు ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లో చదువుల గణాంకాలు చూసే విభాగంలో మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

మన తెలుగువాళ్లకి ఇదంతా ఎందుకు పట్టదంటే మనం చూసేది ఒకటే, ఇల్లు కొనేముందు ఆ స్కూలు రేటింగ్ పదికి తొమ్మిదా పదా అని. ఆ నంబరు సగం స్కూలు గురించి కాదు, ఆ వీధిలో అమ్మానాన్నల జీతాల గురించి చెప్తుంది. ఇంకోటి, మన పిల్లలందరూ ఏషియన్ అనే కాలమ్‌లో పడతారు. బర్మా నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్ల పిల్లలూ అందులోనే, మన ట్యూషన్ల పిల్లలూ అందులోనే, సగటు కొడితే ఘనంగా ఉంటుంది, వెనకబడిన పిల్లాడు అందులో ఎక్కడా కనబడడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. స్కూల్లో చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లాడికి ఇంగ్లీషు పరీక్ష పెడతారు, తక్కువొస్తే ఈఎస్ఎల్‌లో, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీషు నేర్పే క్లాసులో, వేస్తారు, అది ఏదో వెనకబడ్డవాళ్ల క్లాసని మనవాళ్లకి భయం, అందుకే వాట్సాప్ గ్రూపులో ఎవరినడిగినా ఇంగ్లీష్ అని రాసేయ్ అంటారు. పెద్దాడికి మేమూ అదే రాశాం. వాడేమో ఐదేళ్లొచ్చేదాకా మా అత్తగారి దగ్గర తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడినోడు కాదు! గడగడా చదివేసేవాడు, ఏం చదివావురా అంటే చెప్పలేడు. మూడో తరగతిలో మా రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో రీడింగ్ పోయింది. స్కూలుకెళ్లి అడిగితే మీవాడి భాష ఇంగ్లీషే కదా, మీరే రాశారు కదా అని ఫైలు చూపించారు, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకిచ్చే సాయం వాడికి వర్తించదంట. వాళ్లననడానికేం లేదు, సంతకం నాదే. వాణ్ణి ఇంగ్లీషు రానివాళ్ల కాలమ్‌లోంచి తీసేసింది వాషింగ్టన్ కాదు, నేనే.

తెలుగు అని రాసినా, వద్దనుకుంటే ఆ ఈఎస్ఎల్ క్లాసు మాకొద్దని తల్లిదండ్రులు రాసివ్వొచ్చు, కాకపోతే ఏడాదికోసారి ఇంగ్లీషు ఎంతవరకు వచ్చిందో పరీక్ష మాత్రం పెడతారు, అంతే. ఫారంలో ఒకసారి రాశాక మార్చుకోవడమే కష్టం. ఆగస్టులో చేర్పించేవాళ్ల చుట్టాలు మీ పేపర్ చదువుతుంటే కాస్త ఈ మాట చేరవేయమనండి. మొన్న చిన్నదాన్ని కిండర్‌లో వేసినప్పుడు నేను తెలుగు అనే రాశా. మా ఆయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, టెక్సస్