పెద్ద దేశం దురుసు మాటలు, మన చెరువు రొయ్యల ధరలు: మా లోక్‌సభ సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మా లోక్‌సభ సభ్యులవారికి,

ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగు కుటుంబాల తరఫున నమస్కరించి రాస్తున్నాను. అమెరికా సుంకాల ప్రకటనలతో మన రొయ్యల ధర పడిపోతున్న విషయమై మీకు విడిగా పంపిన వినతిపత్రానికి సమాధానం రానందున, దీనిని పదిమంది ఎదుట ఉంచుతున్నాను.

2025 జూలై చివర అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ మన దేశానిది, రష్యాది చచ్చిన ఆర్థిక వ్యవస్థలని బహిరంగంగా ఎద్దేవా చేశారు. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి, ఆగస్టు 27 నుంచి మన సరుకుల్లో అధిక భాగంపై సుంకాన్ని అప్పట్లో 50 శాతానికి పెంచారు. బెదిరింపునే బేరానికి పెట్టుబడిగా వాడే ఈ పద్ధతిలో ఉత్తర్వు కన్నా మాటే ముందు పనిచేస్తుంది. మన రొయ్యలకు అతిపెద్ద విదేశీ మార్కెట్ అమెరికాయే కనుక, అక్కడ ఒక ప్రకటన వెలువడగానే, అది ఏ సరుకుకు, ఏ తేదీ నుంచి వర్తిస్తుందో తేలకముందే, చెరువు గట్టు మీద కొనుగోలుదారు ధర తగ్గించి అడుగుతాడు; మేత అప్పు మెడ మీదున్న రైతు ఆ ధరకే రొయ్యల పట్టుబడికి ఒప్పుకోక తప్పదు. సూరత్ మగ్గాలను నమ్ముకున్న మన వలస కూలీల ఇళ్లలోనూ ఇదే బెంగ.

మీరు అంతే దురుసుగా బదులివ్వాలని మేము కోరడం లేదు. అటువంటి ప్రసంగాలు ఇక్కడ కావలసినన్ని విన్నాము. ఇలాంటి ప్రకటన వచ్చిన రెండు రోజుల్లోగా, ఏది ఉత్తర్వో ఏది ఉత్త మాటో, ఏ సరుకుపై ఎంత సుంకమో ఒడియాలోనూ తెలుగులోనూ అధికారికంగా తెలియజేస్తారా అని కేంద్ర వాణిజ్య శాఖను రానున్న సమావేశాల్లో రాతపూర్వకంగా అడగండి. వచ్చిన సమాధానాన్ని మా పంచాయతీలకు పంపించండి.

భవదీయుడు,
గంజాం జిల్లా తెలుగు ఓటరు