బుడమేరు నీరు ఎక్కడికి పోవాలి?

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడ మీదుగా పారే బుడమేరు వాగును వెడల్పు చేసే పనుల గురించి మీ పత్రికలో వార్తలు చదివినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతోంది. వాగును నగరంలో వెడల్పు చేస్తే, ఆ నీరు దిగువన ఎవరి పొలాల మీద పడుతుందో కూడా లెక్క వేస్తున్నారా?

మైలవరం వైపు కొండల్లో పుట్టిన ఈ వాగును వెలగలేరు రెగ్యులేటర్ (గేట్లున్న అడ్డుకట్ట) దగ్గర ఆపి, మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపేటట్టు పెద్దలు ఏర్పాటు చేశారు. కృష్ణమ్మే నిండుగా పారుతున్నప్పుడు ఆ నీరు అటు సాఫీగా పోదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో జరిగింది అదే. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. వెలగలేరు గేట్లు ఎత్తారు. మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి చివరికి సైన్యాన్ని పిలవాల్సి వచ్చింది. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీల్లో జనం రోజుల తరబడి డాబాల మీద పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం ఎదురుచూశారు. ఆ కాలనీల్లో చాలా భాగం బుడమేరు పాత దారి పక్కన, ఒకప్పుడు వరద నీరు నిలిచి మెల్లగా తీసిన పల్లపు భూముల్లోనే లేచింది.

తప్పంతా ఆక్రమణదారులదే అనడం నాకు సబబుగా తోచదు. అన్ని అనుమతులతో కట్టిన ఇళ్లు కూడా నీరు నిలిచే చోటును పూడ్చాయి. మా ఇల్లు కూడా రోడ్డు కంటే మూడడుగులు మెరక తోలించి కట్టుకున్నదే. మేము మెరక చేసినందుకు మా నీరు పక్క సందులోకి పోయింది. ఆ సందులో వాళ్లు మరో అడుగు ఎక్కువ తోలించుకున్నారు. ఈ మెరకకు కావలసిన గ్రావెల్ కోసం చుట్టుపక్కల కొండలను తొలుస్తున్నాము, చెట్టూ మట్టీ పోయిన ఆ కొండల మీద పడిన వాన ఇంకకుండా మరింత వేగంగా కిందికి దిగుతుంది. ఇన్ని చేసి లేఅవుట్ బ్రోచరు మీద మాత్రం 'గ్రీన్' అని ముద్రించుకుంటాము. పల్లపు భూమిని పూడ్చి, దాని మీద పార్కు పేరుతో నాలుగు కోనోకార్పస్ మొక్కలు నాటడాన్ని హరిత అభివృద్ధి అనడానికి మనసొప్పదు.

నగరం దాటిన బుడమేరు నందివాడ వైపు పొలాల మీదుగా కొల్లేరు సరస్సులో కలుస్తుంది. తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు అక్కడికే చేరతాయి. కొల్లేరు నుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున్న హద్దు) వరకు కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లను యంత్రాలతో కొట్టించారు. మళ్లీ గట్లు లేచాయి. సరస్సులోని లంక గ్రామాల వారికి బతుకుతెరువు చూపకుండా గట్లు మాత్రమే కొట్టిస్తే ఇంకేం జరుగుతుంది? అయితే ఆ గట్లు ఉన్నంత కాలం నీరు సరస్సంతా పరుచుకోలేక వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు మునిగేది నందివాడ వరి పొలమే కాదు. వెనక ఉన్న మా వీధుల నీరు కూడా తీయడం ఆలస్యమవుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. లేఅవుటు ప్లాను చూసేది నగరపాలక సంస్థ లేదా రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ), వాగును చూసేది జలవనరుల శాఖ, కొల్లేరు అటవీ శాఖది, భూముల రికార్డు రెవెన్యూ వారిది. 2022లో జిల్లాలు విడగొట్టిన తర్వాత ఒకే వాగు ఎన్‌టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాలకు చెందింది. నీరు పల్లమెరుగునని సామెత ఉంది గాని, మన ఫైలుకు మాత్రం తన హద్దు దాటితే ఏమీ ఎరుక ఉండదు.

అందువల్ల ప్రభుత్వానికి నా విన్నపం ఇది. వెలగలేరు నుంచి ఉప్పుటేరు మొగ వరకు దారిలోని అన్ని జిల్లాలకూ కలిపి ఒకే భూవినియోగ పటం తయారు చేయించాలి. సాగు భూమిని ప్లాట్లుగా మార్చడానికి గాని, చేపల చెరువు తవ్వడానికి గాని అనుమతి ఇచ్చే ముందు, ఆ సర్వే నంబరులో ఇప్పుడు నిలిచే నీరు ఇకమీదట ఎక్కడ నిలుస్తుందో దరఖాస్తుదారు చేత రాయించి, జలవనరుల శాఖ ఇంజనీరు చేత ఒప్పించాలి. పని కూడా దిగువ నుంచి మొదలుపెట్టాలి: ముందు ఉప్పుటేరు పూడిక, తర్వాత కొల్లేరులో అడ్డుగట్లు, ఆ తర్వాత నగరంలో వాగు వెడల్పు. ఇళ్లు కోల్పోయే పేదలకు స్థలం చూపించాకే కూల్చివేత చేపట్టాలి. వాగు హద్దురాళ్లు ఏయే సర్వే నంబర్లలో పడతాయో ఆ జాబితాను వచ్చే వానాకాలం లోపు ప్రతి వార్డు, గ్రామ సచివాలయం గోడకూ అంటించాలి. మా ఇల్లు అందులో ఉన్నా సరే, ముందుగా తెలుసుకోవాలనే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ