25 ఏళ్లు నిండాయో లేదో చూస్కోండి

ఎడిటర్ గారికి నమస్తే. ఇక్కడ అమెరికాలో మన కుర్రాళ్లకి జపాన్ నుంచి నిస్సాన్ స్కైలైన్ ఆర్34 కారు తెప్పించుకునే పిచ్చి బాగా ముదిరింది, తప్పేం లేదు, నాకూ ఉంది, కానీ దిగుమతి చేసుకునే బండికి 25 ఏళ్లు నిండితేనే ఫెడరల్ (కేంద్ర) సేఫ్టీ రూల్స్ నుంచి మినహాయింపు, అదీ మోడల్ ఇయర్ లెక్క కాదండీ, తయారైన నెల లెక్క, అందుకే 1999 జనవరి బండికి మామూలుగా 2024 జనవరి దాకా ఆగాల్సొచ్చింది. పొగ కాలుష్యం రూల్స్ చూసే ఈపీఏ (కేంద్ర పర్యావరణ సంస్థ) వాళ్లకైతే 21 ఏళ్లు చాలు, ఇంజన్ మార్చకుండా ఉంటే. సేఫ్టీ రూల్స్ కోసం పోర్టులో ఇచ్చే హెచ్ఎస్-7 డిక్లరేషన్ ఫారం, కస్టమ్స్ కాగితాలు, జపాన్ ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ పారేసుకోకండి, తర్వాత టైటిల్ (బండి మీ పేరు మీదుందనే కాగితం) కోసం తిరగలేక చస్తారు. మా కాలిఫోర్నియాలో ఇంకో తలనొప్పి, 1976 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లు రాష్ట్రం ఎమిషన్ రూల్స్ కూడా పాసవ్వాలి, దానికి ల్యాబ్ ఖర్చు వేరే.

- ఒక పాఠకుడు, శాన్ హోసే