పొటెన్షియల్ వేరు, శక్తి స్థాయి వేరు

సంపాదకులకు నమస్కారం.

పరమాణు నిర్మాణంపై మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం చక్కగా సాగింది గానీ, హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ ఉన్న చోట విద్యుత్ పొటెన్షియల్ 13.6 వోల్టులనీ, మొదటి శక్తి స్థాయి అంటే అదేననీ రాయడం సరికాదు.

పొటెన్షియల్ (ఒక చోట ఉంచిన ప్రమాణ ధనావేశానికి ఉండే స్థితిజశక్తి) చోటుకు సంబంధించినది. ఎలక్ట్రాన్ ఉన్నా లేకపోయినా ప్రోటాన్ చుట్టూ అది ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ మెట్లేమీ లేకుండా సాఫీగా తగ్గుతుంది. భూస్థితిలో, అంటే అత్యల్ప శక్తి గల స్థితిలో, ఎలక్ట్రాన్ కనిపించే అవకాశం అత్యధికంగా ఉన్న 0.053 నానోమీటర్ల దూరంలో దాని విలువ సుమారు 27.2 వోల్టులు. ఎలక్ట్రాన్‌ది రుణావేశం కనుక అక్కడ స్థితిజశక్తి మైనస్ 27.2 ఎలక్ట్రాన్ వోల్టులు (ఒక వోల్టు తేడాను దాటే ఎలక్ట్రాన్ పొందే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు). భూస్థితిలో సగటు స్థితిజశక్తి కూడా ఇంతే. దీనికి సగటు గతిజశక్తి 13.6 కలిపితే వచ్చే మైనస్ 13.6 మాత్రమే శక్తి స్థాయి. పై దూరంలో సగం దగ్గర పొటెన్షియల్ 54.4 వోల్టులకు చేరినా ఈ మొత్తం మారదు, ఎందుకంటే అది ఏ ఒక్క బిందువుదీ కాదు, ప్రోటాన్, ఎలక్ట్రాన్ కలిసిన వ్యవస్థది.

మరి శక్తి స్థాయిల్లో మెట్లు ఎలా వచ్చాయంటే, ఆ పొటెన్షియల్‌లో చిక్కిన ఎలక్ట్రాన్ తరంగానికి కొన్ని శక్తుల వద్ద మాత్రమే నిలకడైన రూపం సాధ్యం కావడం వల్ల. అయితే మెట్లు ఎక్కడ పడాలో నిర్ణయించేది పొటెన్షియల్ ఆకారమే. సోడియంలో లోపలి ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని కొంత మరుగుపరచడంతో ఆ ఆకారం మారి, హైడ్రోజన్‌లో దాదాపు ఒకే శక్తి గల 3ఎస్, 3పి స్థాయిలు (మూడో కక్ష్యలోని రెండు ఉపస్థాయిలు) 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల ఎడంతో విడిపోతాయి. సోడియం దీపపు పసుపు కాంతి ఆ ఎడం నుంచే వస్తుంది.

గందరగోళానికి మూలం బహుశా 1914లో భౌతికశాస్త్రవేత్తలు ఫ్రాంక్, హెర్ట్జ్ చేసిన ప్రయోగం కావచ్చు. పాదరస ఆవిరిలో ఎలక్ట్రాన్లను వేగవంతం చేస్తూ పోతే, ప్రతి 4.9 వోల్టులకూ ఒకసారి విద్యుత్ ప్రవాహం పడిపోయింది. ఆ వోల్టులు గొట్టానికి బయటి నుంచి ఇచ్చినవి, పరమాణువు లోపలివి కావు. ఢీకొన్న ఎలక్ట్రాన్ నుంచి పాదరస పరమాణువు 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు తీసుకుని పై స్థాయికి వెళ్లిందనేదే దాని అర్థం. (దీన్ని వారే తొలుత అయనీకరణం, అంటే పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోవడం, అనుకున్నారు, అయనీకరణకు నిజానికి 10.4 కావాలి.)

వ్యాసంలోని ఆ వాక్యాన్నీ, పొటెన్షియల్‌ను మెట్లుగా గీసిన పటాన్నీ సవరించి, సాఫీగా వంగే గీతపై శక్తి స్థాయిలను అడ్డగీతలుగా చూపగలరని మనవి.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు