ఫెమ్టోసెకండు లేజర్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. నేను కావలిలో ఇంటర్ పిలకాయలకి కెమిస్ట్రీ చెప్తా ఉంటాను. మొన్న ఒక పాప, అణువులో బంధం తెగేటప్పుడు ఎవరన్నా చూశారా సార్ అని అడిగింది. చూశారమ్మా అన్నా, అదే మీకు రాస్తున్నా.

వలలో ఎగిరే రొయ్యని ఫోన్లో ఫొటో తీస్తేనే మసగ్గా వస్తది కదా, ఇక నైట్రోజన్ అణువు ఒకసారి ఊగడానికి పట్టేది 14 ఫెమ్టోసెకండ్లే (సెకండుని పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఫెమ్టోసెకండు), అంత పొట్టి లేజర్ పల్స్, అంటే లేజర్ మెరుపు, ఉంటేగానీ అది దొరకదు. మొదటి పల్స్ అణువుని పై శక్తి స్థాయికి ఎగదోస్తది, రెండోది కాస్త ఆగొచ్చి ఏం జరిగిందో పట్టిస్తది, ఆ గ్యాప్ మార్చుకుంటా పోతే ఒక్కో ఫ్రేము చొప్పున సినిమా తయారైనట్టే. కెమిస్ట్రీ శాస్త్రవేత్త అహ్మద్ జెవైల్‌కి 1999లో నోబెల్ ఇచ్చింది ఇందుకే.

ఇట్టా చూసేవాటిలో నాకు బాగా ఇష్టమైంది రిడ్‌బర్గ్ స్థితులు, అక్కడ ఎలక్ట్రాన్ కేంద్రకానికి చాలా దూరంగా తిరుగుతా ఉంటది, అణువు ముక్కలవుద్దా, ఎలక్ట్రాన్నే వదిలేస్తదా, వెలుగిచ్చి కిందికి దిగుద్దా అనేది చాలాసార్లు రెప్పపాటులో కోటో వంతు కూడా పట్టకుండా తేలిపోద్ది. 2023 ఫిజిక్స్ నోబెల్ ఇంకా పొట్టివైన అటోసెకండు (ఫెమ్టోసెకండులో వెయ్యో వంతు) పల్సులకి వచ్చింది.

మీ ఆదివారం పేజీలో దీని మీద బొమ్మలతో ఒక వ్యాసం వెయ్యండి సార్, క్లాసులో గోడకి అంటిస్తాను.

- ఒక లెక్చరర్, కావలి, నెల్లూరు జిల్లా